పలకని రేకు

మేస్త్రి పోయాడన్న కబురు నాకు బడిలో, అన్నం గంట కొట్టడానికి కొంచెం ముందు తెలిసింది. మూడో తరగతి పిల్లల డిక్టేషన్ పుస్తకాలు దిద్దుతున్నాను. మా ఆయన ఫోన్ చేసి, "సూర్యాపేట మేస్త్రి ఇగ లేడే. పొద్దున పోయిండంట," అన్నాడు. అయ్యో అన్నాను. ఆ వెంటనే నా నోటి నుంచి వచ్చిన మాట, "మరి మన బండి?"

ఈ సంగతి రాయకుండా దాటేయవచ్చు. కబురు విని కళ్లనీళ్లు పెట్టుకున్నానని రాస్తే మీరు నమ్ముతారు కూడా. కానీ ఆయన గురించి రాస్తూ పైపూతలు పూయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఒక మనిషి పోయాడని తెలిసిన మరుక్షణం నాకు గుర్తొచ్చింది ఆయన షెడ్డులో సగం కోసి ఉన్న మా పాత వ్యాను. మా ఆయన "బండి గాడనే ఉన్నది" అని పెట్టేశాడు. ఎదురుగా ఉన్న పుస్తకంలో ఎవరో పిల్ల 'వృక్షము'కు వట్రుసుడి మరిచిపోయింది. నేను చూసి కూడా దిద్దకుండా టిక్కు పెట్టాను.

మాది మిర్యాలగూడ. నేను ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచర్ని. మా ఆయన త్రిపురారం వైపు ఊళ్ల నుంచి మా బడికే పిల్లల్ని తెచ్చి దింపేవాడు. ఆ వ్యాను మేము కొన్నప్పటికే ముసలిది. అయినా మా ఇంట్లో దానికి ఉన్న మర్యాద నాకు ఉండేది కాదు. ఆదివారం వచ్చిందంటే చాలు, మా ఆయన లుంగీ ఎగ్గట్టి, పైపు పెట్టి, సబ్బు నురగతో దానికి తలంటు పోసేవాడు. నా చీర మీద మరక పడితే చూడని మనిషి, తలుపు మీద గీత పడితే రెండు రోజులు అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

ఆ దారిలో రైసు మిల్లులు వరసగా ఉంటాయి. మిర్యాలగూడలో ఉన్నవాళ్లకు ఊక గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆరేసిన బట్టల మీద, నీళ్ల బిందె మీద, పెరుగు మీద, అంతటా ఉంటుంది. పిల్లలు బండి దిగేసరికి తలలు నెరిసినట్టు కనిపించేవాళ్లు. తల్లులు నన్ను నిలదీసేవాళ్లు. ఒక రోజు ఈ దుమ్ము ఎక్కడి నుంచి వస్తోందో కనిపెడదామని బండి కింద దూరి చూశాను. తలుపు కింద, పిల్లలు కాలు పెట్టి ఎక్కే మెట్టు ఉంటుంది కదా, దాని లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలు అడుగున బండికి అటు పక్క మూడు, ఇటు పక్క మూడు కన్నాలు కనిపించాయి. సరిగ్గా సుద్దముక్క పట్టేంత కన్నాలు. దుమ్ము దొంగ దొరికిందనుకున్నాను. నా సంచిలో సుద్దముక్కలకు ఎప్పుడూ కొదవ లేదు. ఆరింటిలో ఆరు సుద్దముక్కలు దిగ్గొట్టి, చేతులు దులుపుకుని లేచాను. తెల్లవి నాలుగే ఉంటే రెండు గులాబీ రంగువి వాడాను. ఎంత తెలివైన పని చేశానో అని ఆ రోజంతా నాకు నేనే మురిసిపోయాను. మా ఆయనకు చెప్పలేదు. నన్ను బండి కింద చూస్తే ఎగతాళి చేస్తాడని.

ఆ తరువాతి వేసవిలో బండిని రంగు కోసం కోదాడ తీసుకెళ్లాం. అక్కడి పెయింటర్ చెయ్యి మంచిదని పేరు. పొక్కులు వచ్చిన చోటల్లా గీకి, లప్పం పెట్టి, నునుపు చేసి, పసుపు రంగు కొట్టి ఇచ్చాడు. "పదేళ్ల దాకా మీరు దీన్ని చూసుకోనక్కర్లేదండి మేడమ్ గారూ," అన్నాడు. నిజంగానే బండి మెరిసిపోయింది. ఊళ్లలో జనం కొత్తది కొన్నారా అని అడిగితే మా ఆయన కాదనేవాడు కాదు, అవుననేవాడు కాదు, మీసం దువ్వుకునేవాడు.

పదేళ్లు కాదు, నాలుగేళ్లు గడిచాయి. పోయిన వేసవి సెలవుల్లో, మెట్టు దగ్గర రంగు మీద చిటికెన వేలి గోరంత పొక్కు లేచింది. బడులు తెరిచేలోగా బండికి పాసింగ్ చేయించాలి, అంటే ఫిట్‌నెస్ పరీక్ష. అది లేకపోతే పిల్లల్ని ఎక్కించడానికి లేదు. ఆ పొక్కు ఒక్కటీ సరిచేయించుకుందామని, ఎవరో చెబితే, సూర్యాపేటలో ఈ మేస్త్రి దగ్గరికి వెళ్లాం. బండ్ల రేకు పనిలో ఆయనకు నలభై ఏళ్ల అనుభవం అన్నారు.

ఆయన షెడ్డు పాత హైవే పక్కన ఉండేది. బైపాస్ వచ్చాక ఆ వైపు బండ్లు తగ్గిపోయి, షెడ్డు ముందు పిచ్చి మొక్కలు మొలిచాయి. బోర్డు మీద 'టిన్కిరింగ్' అని రాసి ఉంది. నేను ఊరుకోలేక, "మేస్త్రీ, బోర్డు మీద తప్పున్నది," అన్నాను. ఆయన తల ఎత్తకుండానే, "బోర్డు తప్పున్నా పర్వాలేదు టీచరమ్మా, రేకు సక్కగుంటే సాలు," అన్నాడు. నేను టీచర్నని ఆయనకు ఎవరూ చెప్పలేదు. తప్పు పట్టిన తీరు చూసి తెలుసుకున్నాడట.

సన్నటి మనిషి. భుజం మీద తువ్వాలు, చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. పొక్కు చూపిస్తే దాని వంక చూడనే లేదు. చేతి గడియారం తీసి జేబులో పెట్టుకున్నాడు. "జర సప్పుడు జేయకుండ్రి" అన్నాడు. కళ్లు మూసుకుని, ముఖం పక్కకు తిప్పి, మధ్యవేలు మడిచి, తలుపు పైనుంచి మొదలుపెట్టి బండి చుట్టూ కొట్టుకుంటూ నడిచాడు. కొట్టిన చోటల్లా చిన్నగా అనుకుంటున్నాడు, "పలుకుతున్నది... పలుకుతున్నది..." మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. మళ్లీ కొట్టాడు. "ఇది పలుకుతలేదు."

గుర్తు పెట్టడానికి ఏమైనా ఉందా అని వెతుక్కుంటుంటే, నేను సంచిలోంచి సుద్దముక్క తీసి ఇచ్చాను. దానితో ఆ చోట గుండ్రంగా సున్నా చుట్టి, ముక్కను చెవి సందులో పెట్టుకున్నాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ సున్నా చుట్టాడు. నేను వేళ్ల మీద లెక్కపెడుతున్నాను. ఐదు, ఏడు, తొమ్మిది. పదకొండో సున్నా దగ్గర మా ఆయన ముఖం చూడలేకపోయాను. పసుపు రంగు మాత్రం అద్దంలా మెరుస్తూనే ఉంది.

"నువ్వు గూడ కొట్టి సూడు టీచరమ్మా," అన్నాడు.

"నాకేం తెలుస్తది మేస్త్రీ?"

"పిలగాడు సదువుకొని వచ్చిండో, సదవకుంట వచ్చిండో, గొంతు ఇంటే తెల్వదా నీకు? గట్లనే."

కొట్టాను. పై రేకు ఠంగుమంది. కింద, సున్నా లోపల, దబ్ మని ఆగిపోయింది. అంత తేడా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. ఆ రోజు ఇంటికి వచ్చాక బీరువా కొట్టి చూశాను, గ్యాసు సిలిండర్ కొట్టి చూశాను, మంచం కోళ్లు కూడా వదల్లేదు. "ఏందే, ఇల్లంత కొట్టుకుంట తిరుగుతున్నవ్?" అని మా ఆయన విసుక్కున్నాడు. ఆ విద్య ఒక్కటే నాకు మేస్త్రి నేర్పింది. ఇప్పటికీ పోలేదు.

మరుసటి ఆదివారం మేస్త్రి మెట్టు పని పట్టాడు. మేమిద్దరం పక్కనే నిలబడ్డాం. సున్నా మధ్యలో స్క్రూడ్రైవర్ మొన ఆనించి కొద్దిగా నొక్కాడు. అది పిడి దాకా లోపలికి దిగిపోయింది. లాగేసరికి ఆ కన్నంలోంచి నీళ్లు కారాయి. వాన చూసి నెలలైన ఏప్రిల్ ఎండలో, నేల పగుళ్లిచ్చిన రోజుల్లో, మా బండిలోంచి డికాషన్ రంగు నీళ్లు కారాయి. మురిగిన ఊక వాసన. ఆదివారం ఆదివారం మా ఆయన పోసిన తలంటు నీళ్లు అవి. పై సందుల్లోంచి లోపలికి దిగిన నీళ్లకు బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచి, రేకును లోపలి నుంచి తిన్నాయి.

తరువాత మేస్త్రి మెట్టు అడుగున లప్పం చెక్కుకుంటూ పోయాడు. కన్నాలు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. ఒక దానిలోంచి తెల్లటి ముద్ద వచ్చింది. ఇంకో దానిలోంచి గులాబీ రంగు ముద్ద. దాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశాడు. ఆయన నా వైపు చూడలేదు. తువ్వాలుకు వేళ్లు తుడుచుకుని, "ఏ తెలివిగల్లోడు మూసిండో," అన్నాడు. "ఇవి కంపినోడు ఉత్తగనే పెట్టిండా? నీళ్లు వస్తయ్. వచ్చినయ్ పోవాలె. గంతే గద."

"ఇంకెవడు, ఆ కోదాడ పెయింటర్ గాడే," అన్నాడు మా ఆయన.

నేను కింద రాలిన లప్పం పెళ్లల్ని కాలితో ఒక పక్కకు నెట్టాను.

ఆ సాయంత్రం మా ఆయన పెయింటర్‌కు ఫోన్ చేసి, వినరాని మాటలు అన్నాడు. నేను వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతున్నాను. స్పీకర్‌లో అతని గొంతు నాకు స్పష్టంగా వినిపిస్తోంది. "అమ్మతోడండీ, నేను మూయలేదండి. ముందే మూసున్నాయండి. నేను పైన లప్పం లాగానంతే అండి." మా ఆయన నమ్మలేదు. ఎలా నమ్ముతాడు? నాకు ఒక్క మాట చాలు, లేచి వెళ్లి చెప్పడానికి. చిక్కుడుకాయలన్నీ అయిపోయాయి. నేను లేవలేదు. ఆ మనిషి అలా తిట్లు తింటుంటే, కూరలోకి కారం ఎంత వేయాలా అని ఆలోచిస్తున్నట్టు నటించాను. ఎవరి ముందు నటించానో తెలియదు, వంటింట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను.

మే నెలంతా ప్రతి ఆదివారం సూర్యాపేట బస్సెక్కడమే మా పని అయింది. వెళ్లిన ప్రతిసారీ సున్నాలు పెరిగేవి. ఒక చోట కోసి మంచి రేకు అతకాలంటే, పక్కన మంచి రేకు ఉండాలి కదా. పక్కన కోస్తే అదీ పోయి ఉండేది. మేస్త్రి తిట్టేవాడు కాదు, తొందరపడేవాడు కాదు. అరచేత్తో తడిమి, "ఇదీ పోయింది," అనేవాడు. ఆ మాటలో విసుగు ఉంటే నాకు తేలికగా ఉండేదేమో.

మా ఆయనకు మాత్రం పాసింగ్ తేదీ దగ్గర పడేకొద్దీ నిద్ర పట్టేది కాదు. ఒక రోజు ఉండబట్టలేక, "మేస్త్రీ, ఈ ఒక్క ఏడు ఎట్లనన్న జెయ్యి. పైన లప్పం పెట్టు. రంగు నేను కొట్టించుకుంట. పాసింగ్ అయితే సాలు," అన్నాడు.

మేస్త్రి సుత్తె కింద పెట్టాడు. బండిలోకి ఎక్కి, కిటికీ పక్క సీటు కింద చాప ఎత్తాడు. "గీడ ఎవరు కూసుంటరు?"

"ఎల్‌కేజీ పిలగాండ్లు," అన్నాడు మా ఆయన.

ఆయన ఆ నేల రేకు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. అప్పడం విరిగినట్టు విరిగి, వేలు కింది నుంచి బయటికి వచ్చింది. ఆ వేలు అలాగే ఉంచి అడిగాడు. "నీ పిలగాడైతే కూసోబెడుతవా?"

మా ఆయన షెడ్డు బయటికి వెళ్లి పిచ్చి మొక్కల దగ్గర నిలబడ్డాడు. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి మేస్త్రికి తెలియదు. తెలిసినా అదే అడిగేవాడు, అలా అడగడం తప్పు కూడా కాదు.

ఆయన ఒక్కడే పనిచేసేవాడు. ఈ పని నేర్చుకుంటామని ఎవరూ రావడం లేదని చెప్పేవాడు. "ఇప్పుడు కోసి కుట్టెటోళ్లు ఎవరున్నరు? పాతది పారేస్తరు, కొత్తది తెచ్చి బిగిస్తరు. నీ బండికి కొత్తది రాదు. కంపినీయే బందయింది," అనేవాడు. టీ సాసర్లో పోసుకుని, చల్లారాక గుక్కలో తాగేవాడు. రేకు కోసేటప్పుడు ముక్కుకు తువ్వాలు కట్టుకోమని ఆయన భార్య పోరేది. "కట్టుకుంటే వాసన తెల్వది," అనేవాడు. తుప్పుకు వాసన ఉంటుందట. ఆ ఎర్రటి పొడి ఆయన కనుబొమల మీద ఎప్పుడూ ఉండేది. దగ్గు కూడా అప్పటికే ఉంది. దగ్గి, ఆగి, మళ్లీ వేలు మడిచి రేకు మీద కొట్టేవాడు.

ఒక ఆదివారం మా ఆయన టీ కోసం వెళ్లాడు. షెడ్డులో మేస్త్రి, నేను మాత్రమే ఉన్నాం. కొత్త రేకు పలక మీద సుద్దతో కొలతలు వేసుకుంటున్నాడు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదనిపించింది.

"మేస్త్రీ," అన్నాను. "ఆ కన్నాలు ఉన్నయి కదా..."

"ఏ కన్నాలు టీచరమ్మా?"

"మెట్టు కింద. అవి..."

అంతలో ఆయనకు దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని వంగిపోయాడు. నేను నీళ్ల సీసా అందించాను. దగ్గు తగ్గేసరికి ఆయన భార్య అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది. నా ముఖం చూసి, "ఏమైందమ్మా?" అంది. ఏం లేదన్నాను. మేస్త్రి నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, "మల్లొచ్చినప్పుడు చెప్దువు తియ్," అన్నాడు. ఆ చెప్పే రోజు రాలేదు. వెళ్లిన ప్రతిసారీ ఇవ్వాళ చెప్పాలి అనుకుంటూ వెళ్లేదాన్ని, బస్సు ఎక్కేటప్పుడు వచ్చే వారం అనుకునేదాన్ని.

జూన్‌లో బడి తెరిచారు. మా బండి లేకపోయేసరికి యాజమాన్యం ఇంకొకరి వ్యాను మాట్లాడుకుంది. వాళ్లను ఏమనగలం? మా ఆయన మిల్లు లారీ మీద డ్రైవరుగా చేరాడు. ఊక మోసుకుపోయే లారీ. జూలైలో మేస్త్రి మంచాన పడ్డాడు. దవాఖాన వాళ్లు హైదరాబాదు తీసుకెళ్లమన్నారు. వెళ్లి, వారానికే తిరిగొచ్చేశాడు. మేము చూడటానికి వెళ్తే, "నీ బండి పని ఆగింది టీచరమ్మా. పరేషాన్ గాకు," అన్నాడు. ఆయన నాకు ధైర్యం చెబుతున్నాడు. నేను కమలాపండ్లు పక్కన పెట్టి, "ఏం పర్వాలేదు మేస్త్రీ," అన్నాను. మంచం చుట్టూ మనుషులున్నారు. అక్కడా చెప్పలేకపోయాను.

చావు ఇంట్లో అందరూ ఒకటే మాట. తుప్పు పని చేసి చేసి ఆయన ఊపిరితిత్తులకే తుప్పు పట్టిందని. ఒకరు అంటే ఇంకొకరు తలూపుతున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆయన రేకు కాదు, మనిషి. రేకు సంగతి ఆయన వేలు మడిచి కొట్టి చెప్పేవాడు. ఆయన లోపల ఏం జరుగుతోందో మాలో ఎవరైనా కొట్టి చూశామా? దగ్గుతుంటే నీళ్ల సీసా ఇచ్చి, మళ్లీ మా బండి గురించే అడిగాం. పాడె లేస్తుంటే మా ఆయన ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు.

పదకొండో దినానికి మళ్లీ వెళ్లాం. భోజనాలయ్యాక మేస్త్రి భార్య తాళంచెవి తీసుకుని, "రాండ్రి, మీ బండి సూద్దురు," అంది. షెడ్డు తలుపు తీసింది. బండి ఇటుకల మీద నిలబడి ఉంది. ఒక పక్కంతా కోసేసి, లోపలి ఎముకలు కనిపిస్తున్నాయి. వాటి మీద కూడా సున్నాలే. లెక్కపెట్టలేదు. అటు పక్క పసుపు రంగు ఇంకా అలాగే మెరుస్తోంది.

గోడకు ఆనించి ఒక కొత్త రేకు ఉంది. కోసిన పక్క మెట్టు కోసం మేస్త్రి చేసింది. మిషను లేకుండా చేత్తో వంచి, అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాడు. దవాఖానకు పోయే ముందు రోజు దాకా కూర్చుని చేశాడట. మా ఆయన దాన్ని తిరగేశాడు. అడుగున మూడు కన్నాలు, కొలిచి పెట్టినట్టు సమానంగా ఉన్నాయి. వాటి పక్కన సుద్దతో, పెద్ద పెద్ద వంకర అక్షరాలతో రాసి ఉంది.

'టిచరమ్మ ఇటిని ముయద్దు.'

దీర్ఘాలు లేవు. నా చేతిలో రోజూ యాభై పుస్తకాలు పడతాయి, ఒక్క దీర్ఘం లేకపోయినా ఎర్ర సిరా పడుతుంది. ఆ మూడు మాటల్లో దిద్దవలసింది నాకు ఒక్కటీ కనిపించలేదు.

"నీకు తెల్వదా అమ్మా?" అంది ఆయన భార్య. "గులాబి సుద్దముక్క దొరికిన కాడ్నుంచి ఒక్కడే నవ్వుకునేటోడు. ఏందయ్యా అంటే, గిది టీచరమ్మ పని, పిలగాండ్లకు దుమ్ము రావద్దని చేసి ఉంటది, అనేటోడు. నువ్వు అడుగకు, ఆమె సిగ్గుపడ్తది, అన్నడు నాతోటి."

మా ఆయన నా వైపు చూశాడు. "నువ్వా?"

"నేనే," అన్నాను. ఇన్ని నెలలు గొంతులో ఉన్న మాట అంత చిన్నది. మా ఆయన తిట్టలేదు. రేకును గోడకు ఆనించి, చేతులు దులుపుకుని, "పెయింటర్‌ను ఎంతెంత మాటలంటి," అన్నాడు. అంతే. షెడ్డులో కూలబడి అప్పుడు ఏడ్చాను, దినాల రోజు, అందరి ఏడుపులూ అయిపోయాక. మేస్త్రి భార్య నా వీపు నిమిరింది. భర్త పోయిన మనిషి చేత ఓదార్పు చేయించుకున్నాను. ఆ సిగ్గు కూడా నాకే మిగిలింది.

మర్నాడు కోదాడ పెయింటర్‌కు నేనే ఫోన్ చేశాను. మొదటి నుంచి చివరి దాకా చెప్పి, క్షమించమన్నాను. అతను మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. "ఇప్పుడు చెప్పి ఏం చేస్తారండీ మేడమ్ గారూ," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. "నాలుగైదు ఊళ్లలో చెప్పాడండి మీ ఆయన. ఆ వైపు నుంచి నాకు బండ్లు రావడం మానేశాయండి." ఏదో పని ఉందని పెట్టేశాడు.

బండిని ఎవరైనా పూర్తి చేస్తారేమోనని సూర్యాపేటలో అడిగాం, మిర్యాలగూడలో అడిగాం, హాలియాలో ఒకాయన ఉన్నాడంటే అక్కడికీ వెళ్లి ఫోటోలు చూపించాం. అందరూ ఫోను తిరిగి చేతికిచ్చారు. "ఇది ఖతం అయిన బండి, అమ్మేయండ్రి," అన్నారు. పాత ఇనుము వాళ్లు వచ్చి ముక్కలుగా కోసుకుని పోయారు. మా ఆయన ఆ రోజు లారీ డ్యూటీ కావాలని అడిగి మరీ వేయించుకున్నాడు. నేనే వెళ్లి నిలబడ్డాను. ఎవరో ఒకరు ఉండాలనిపించింది.

కొత్త రేకును మాత్రం మేస్త్రి భార్య పాత ఇనుములో కలవనివ్వలేదు. "గది మీ కోసం చేసిండు, కొంచవోండ్రి," అని గోనెపట్టా చుట్టి ఇచ్చింది. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. కండక్టరు, ఏం సామానమ్మా అంటే, బండి మెట్టు అన్నాను. బండేదని అతను అడగలేదు.

మా ఇంటి వెనక బట్టలుతికే బండ పక్కన, గోడ మీద రెండు మేకులు కొట్టి దాన్ని ఆనించాం. దాన్ని ఎక్కడ పెట్టాలో, ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. రెండో రోజే వాన పడింది. నేను వాకిట్లో బట్టలు తీసి వెనక్కి వెళ్లేసరికి అక్షరాలు సగం పోయాయి. నేను చూస్తుండగానే మిగతావీ పోయాయి. చూరు నీళ్లు ఆ రేకు మడతలోకి పడుతున్నాయి, పడినవి పడినట్టే మూడు కన్నాల్లోంచి కిందికి కారిపోతున్నాయి. ఒక్క చుక్క నిలవడం లేదు.

నిన్న మళ్లీ వాన పడుతుంటే వెళ్లి చూశాను. వేలు మడిచి కొట్టాను. పలికింది. తరువాత కింది అంచు మీద, కత్తెర పడిన చోట, కందిగింజంత ఎర్రటి మచ్చ కనిపించింది. రంగు వేయడానికి మేస్త్రికి వ్యవధి లేకపోయింది, మాకు తోచలేదు. సంచిలోంచి సుద్దముక్క తెచ్చి ఆ మచ్చ చుట్టూ సున్నా చుట్టబోయాను. తడి రేకు మీద సుద్ద పట్టలేదు.